గడప దాటించిన వారికి గూడు కట్టిన డాక్టరమ్మ

మన గోదావరిఖనిని ఒరుసుకుని పారే గోదావరి, అంతకు ముందే కందకుర్తి వద్ద తెలంగాణలో అడుగుపెడుతుంది. ఆ నిజామాబాద్ జిల్లాలోనే డిచ్‌పల్లి ఉంది. నిలువ నీడ లేని కుష్ఠురోగులకు అక్కడ నీడ కల్పించిన దైవసేవకురాలు డాక్టర్ ఇసబెల్ కెర్.

1875లో స్కాట్లండులో జన్మించిన ఆమె అబర్డీన్‌లో వైద్యం చదివారు. 1907లో భర్త రెవ. జార్జ్ కెర్‌తో కలిసి మెథడిస్టు మిషనెరీగా నిజాం రాజ్యానికి వచ్చారు. ఆ రోజుల్లో కుష్ఠు సోకితే ఊరు వెలివేసేది, సొంతవారే గడప దాటించేవారు. అలాంటి వారికి మందిచ్చి పంపితే ఎక్కడికి వెళ్తారు? అందుకే చికిత్సతోపాటు నివాసమూ ఉండాలని ఆమె గ్రహించారు.

హైందవుడైన రాజా నర్సాగౌడ్ ఉదారంగా విరాళమిచ్చారు. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి వెలిసింది. చుట్టూ రోగుల ఇళ్లు లేచాయి. హిడ్నోకార్పస్ నూనె సూదిమందుతో ఎందరో ఉపశమనం పొందారు. 1923లో ప్రభుత్వం ఆమెను కైసర్-ఇ-హింద్ పతకంతో గౌరవించింది. 1932లో ఆమె ప్రభువునందు నిద్రించారు. ఆసుపత్రి పరిచర్య మాత్రం ఆగలేదు.

ప్రియ పాఠకులారా, మన బొగ్గు పట్టణాల్లోనూ స్టేషన్ అరుగులే ఇల్లయిన వారున్నారు. క్రిస్మస్‌కు దుప్పటి ఇచ్చి వస్తాం, మంచిదే. మర్నాటి రాత్రి వారు ఎక్కడ పడుకుంటారో కూడా మన సంఘాలు ఆలోచించాలి. డిచ్‌పల్లిలో సేవ మొదలైంది ఆ ప్రశ్నతోనే.