జాన్ బ్రౌనింగ్: పిస్తోలు, దాని భద్రత

ప్రయాగ్‌రాజ్‌లోని అలహాబాద్ మ్యూజియంలో చంద్రశేఖర ఆజాద్ పిస్తోలును భద్రపరచారు. 1931 ఫిబ్రవరి 27న నాటి ఆల్ఫ్రెడ్ పార్కులో పోలీసులతో పోరాడుతూ ఆ విప్లవవీరుడు నేలకొరిగినప్పుడు ఆయన చేత ఉన్న ఆయుధం అదే. ఆజాద్ పేరు ఎరుగని భారతీయుడు ఉండడు. ఆ పిస్తోలును రూపొందించిన వ్యక్తి పేరు తెలిసినవారు మాత్రం మన దేశంలో కొద్దిమందే. కోల్ట్ కంపెనీ వారి 1903 నాటి ఆ నమూనా జాన్ మోజెస్ బ్రౌనింగ్ అనే అమెరికన్ సృష్టి. ప్రాణం తీయగల వస్తువును మనిషి వెంట ఉంచుకొనవలసి వచ్చినప్పుడు, అది అతని ప్రాణమే తీయకుండా అదుపులో ఉంచడం ఎట్లా అన్న ప్రశ్న ఆయన కృషిలో అడుగడుగునా కనిపిస్తుంది.

బ్రౌనింగ్ 1855 జనవరి 23న యూటా ప్రాంతంలోని ఆగ్డెన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి జోనథన్ తుపాకులు చేసే పనివాడు, మోర్మన్ మతస్థుడు. ఆయన ఇరవైఇద్దరు సంతానంలో జాన్ ఒకడు. తండ్రి కార్ఖానాలో మూలపడి ఉన్న ఇనుప ముక్కలే అతని ఆటవస్తువులు. పదేళ్ల ప్రాయానికే వాటితో ఒక తుపాకిని కూర్చినాడని ప్రతీతి. 1879లో తొలి పేటెంటు లభించింది. తండ్రి కన్నుమూసినదీ ఆ సంవత్సరమే. 1883లో వించెస్టర్ కంపెనీ అతని రైఫిల్ హక్కులను కొన్నది. అటు తరువాత దాదాపు ఇరవై ఏళ్లపాటు ఆ కంపెనీకి అతడు ఎన్నో నమూనాలు అందించాడు. నడుమ రెండేళ్లు పని విడిచి మతప్రచారకుడుగా జార్జియాలో గడిపాడు.

తూటా పేలినప్పుడు పుట్టే శక్తిలో అధికభాగం వృథా అవుతున్నదని, ఆ శక్తితోనే తరువాతి తూటాను ఎక్కించవచ్చునని గ్రహించిన కొద్దిమందిలో బ్రౌనింగ్ ఒకడు. పిస్తోలు గొట్టాన్ని కప్పి వెనుకకు జరిగే స్లైడ్ ఆ ఆలోచనకు ఫలమే. స్లైడ్ వెనుకకు పోతూ ఖాళీ తొడుగును బయటకు విసరివేస్తుంది. ముందుకు వస్తూ కొత్త తూటాను గొట్టంలోకి నెట్టుతుంది. ఈ ప్రయాణంలోనే సుత్తి కూడా ఎక్కిపెట్టబడుతుంది. బెల్జియంలోని ఎఫ్.ఎన్. కంపెనీ, అమెరికాలోని కోల్ట్ కంపెనీ ఈ పద్ధతి పిస్తోళ్లను తయారుచేశాయి. 1914లో సరాయెవోలో ఆస్ట్రియా యువరాజును బలిగొన్నదీ బ్రౌనింగ్ పిస్తోలే. ఆయుధం ఎవరి చేతికి చేరేదీ నిర్ణయించే శక్తి శిల్పికి లేదు.

అయితే ఈ సౌకర్యమే ఒక కొత్త ప్రమాదాన్ని తెచ్చింది. ఈ పిస్తోళ్లు సింగిల్ యాక్షన్ కోవకు చెందినవి. అనగా ట్రిగ్గర్ చేసే పని ఒక్కటే: ఎక్కిపెట్టి ఉన్న సుత్తిని వదలడం. అందువల్ల దానికి స్వల్పమైన ఒత్తిడి చాలును. ఒక్కసారి కాల్చిన పిస్తోలు మరుక్షణమే మరల కాల్చడానికి సిద్ధమై ఉంటుంది. దానిని ఆ స్థితిలో ఒరలో ఉంచడం ఎట్లా?

1900 నాటి కోల్ట్ నమూనాలో, వెనుక గురిని క్రిందికి నొక్కితే పిస్తోలు పేలని ఏర్పాటు చేశారు. అది నిలువలేదు. 1903 నమూనాలో సుత్తి స్లైడ్ లోపల దాగి ఉంటుంది; బొటనవ్రేలితో నడిపే మీట ఒకటి, పిడి వెనుక మరొక మీట అమర్చారు. జేబులో నుంచి తీసేటప్పుడు సుత్తి బట్టకు తగులుకొనదు; కాని బయటకు కనబడని సుత్తిని చేతితో దించే అవకాశమూ లేదు.

ఆ తరువాత అమెరికా సైన్యానికి .45 పిస్తోలు కావలసివచ్చింది. అశ్వికుడి ఒక చేత కళ్లెం, మరొక చేత ఆయుధం ఉంటాయి; గుర్రం బెదిరితే పిస్తోలు దానంతట పేలరాదు. పిడిని పట్టినప్పుడే ట్రిగ్గర్ కదిలే మీట ముందే ఉన్నది. ఎక్కిపెట్టిన సుత్తిని బంధించే బొటనవ్రేలి మీటను సైన్యం కోరిక మేరకు 1910లో చేర్చారు. స్లైడ్ పూర్తిగా మూసుకొననిదే పేలకుండా మరొక భాగం అడ్డుపడుతుంది. 1911 మార్చిలో జరిగిన పరీక్షలో 6,000 తూటాలు కాల్చినా ఆ పిస్తోలు ఒక్కసారైనా మొరాయించలేదు. మార్చి 29న సైన్యం దానిని స్వీకరించింది.

ఇన్ని మీటలు ఉన్నప్పటికీ, సైన్యం తన భటులను వాటికే వదలివేయలేదు. వెంటనే పోరు లేనప్పుడు మేగజైన్ నింపి, గొట్టాన్ని ఖాళీగా ఉంచి, సుత్తిని దించి ఉంచాలన్నది నియమం. పోరు సమీపించినప్పుడే తూటా ఎక్కించి, సుత్తిని ఎక్కిపెట్టి, మీట వేయాలి. గొట్టంలో తూటా ఉండగా సుత్తిని బొటనవ్రేలితో దించే పద్ధతి చూపునకు క్షేమంగా తోచినా, వ్రేలు జారితే తూటా పేలుతుంది. మూతి క్రిందుగా గట్టి నేలపై పడితే లోపలి ఫైరింగ్ పిన్ తన బరువుతోనే ముందుకు దూకవచ్చు. ట్రిగ్గర్ నొక్కనిదే ఆ పిన్ను కదలనీయని అడ్డును కోల్ట్ కంపెనీ 1983లో విడుదల చేసిన నమూనాలలో ప్రవేశపెట్టింది. ఒక్కొక్క మీట ఒక్కొక్క ప్రమాదానికి సమాధానం. అన్నింటికీ సమాధానమైన మీట ఏదీ లేదు.

బ్రౌనింగ్ 1926 నవంబర్ 26న బెల్జియంలోని లీజ్ నగరంలో, ఎఫ్.ఎన్. కర్మాగారంలో పనిలో ఉండగానే గుండె ఆగి మరణించాడు. అప్పటికి ఆయన పేర 128 పేటెంట్లు ఉన్నాయి. ఆయన ప్రారంభించిన 9 మి.మీ. పిస్తోలును డియుడోనే సేవ్ పూర్తిచేయగా, అది 1935లో హై పవర్ పేరుతో వెలువడింది. బెంగాల్‌లోని ఈశాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారుచేసిన 9 మి.మీ. 1ఎ పిస్తోలు దాని అనుకృతే. మన సైనికులు, పోలీసులు దానిని దీర్ఘకాలం ధరించారు. ఆ విధంగా ఆజాద్ చేతి ఆయుధమూ, స్వతంత్ర భారత సైనికుని ఆయుధమూ ఒకే శిల్పి ఊహ నుంచి వచ్చినవి.

హై పవర్‌లో మేగజైన్ తీసివేస్తే ట్రిగ్గర్ పనిచేయని ఏర్పాటు ఉన్నది. 1911 నమూనాలో అది లేదు. మేగజైన్ చేతికి రాగానే పిస్తోలు ఖాళీ అయినదని భావించడం సహజం. గొట్టంలో మిగిలిన తూటా ఒక్కటే విషాదానికి చాలును. మొదటి దానితో అలవాటుపడిన చేయి రెండవ దానిని నమ్మితే ఏమవుతుందో ఊహించవచ్చు. కనుక ముందు మేగజైన్ తీయాలి. తరువాత స్లైడ్ వెనుకకు లాగి గొట్టాన్ని కంటితో చూడాలి. అంతవరకూ మూతి మనిషివైపు తిరగరాదు, వ్రేలు ట్రిగ్గర్‌ను తాకరాదు. లైసెన్సు పొంది ఇంట పిస్తోలు ఉంచుకొనే ప్రతి ఒక్కరికీ ఇది వర్తిస్తుంది. ఇంట పిల్లలున్నచోట ఆయుధమూ తూటాలూ వేరువేరు తాళాల క్రింద ఉండాలి. బ్రౌనింగ్ ఇనుముతో చేయగలిగినదంతా చేశాడు. మిగిలిన భద్రత పట్టుకొన్న చేతిది.