మెస్సీనా పిల్లలకు మళ్లీ నిద్ర పట్టింది

మరియా మాంటిస్సోరి అనగానే మన టీచర్లకు పూసల దండలు, చెక్క దిమ్మెలు, గరుకు కాగితపు అక్షరాలు గుర్తొస్తాయి. బీఈడీలో మేం చదువుకున్నదీ అంతే. భయంతో బిగుసుకుపోయిన పసివాళ్లు తేరుకోవడానికి ఆమె పద్ధతి ఎలా పనికొచ్చిందో చాలా ఆలస్యంగా తెలుసుకున్నాం.

ఆమె 1870 ఆగస్టు 31న ఇటలీలోని కియరవల్లెలో పుట్టారు. 1896లో రోమ్‌లో వైద్యపట్టా అందుకున్నారు. 1907లో ఆ నగరంలోని సాన్ లొరెంజో పేదవాడలో తొలి బాలల ఇల్లు తెరిచారు.

మరుసటి ఏడాది డిసెంబరు 28 తెల్లవారుజామున భూకంపం మెస్సీనా నగరాన్ని నేలమట్టం చేసింది. శిథిలాల దగ్గర దొరికిన సుమారు 60 మంది పసివాళ్లను రోమ్‌లోని ఫ్రాన్సిస్కన్ సన్యాసినుల మఠానికి చేర్చారు. వాళ్ల పేర్లేమిటో, ఎవరి బిడ్డలో తెలియదు. నోట మాట లేదు. తిండి సహించదు, నిద్ర పట్టదు. రాత్రయితే ఏడుపులు, కేకలు.

అక్కడ మాంటిస్సోరి పద్ధతిలో బడి పెట్టారు. పిల్లల ఎత్తుకు సరిపడా బల్లలు, కుర్చీలు, అలమరాలు అమర్చారు. పూలు, అందమైన పళ్లేలు తెచ్చారు. ఎలా కూర్చోవాలి, ఎలా నడవాలి, భోజనం ఎలా వడ్డించాలి అన్నవి ఒక్కొక్కటే ఓపికగా నేర్పారు. మెల్లగా ఆకలి వేసింది, నిద్ర పట్టింది. గదిలోని సామాను తోటలోకి మోసుకెళ్లి, ఏదీ పగలగొట్టకుండా చెట్ల కింద సర్దుకునేంత హుషారు వచ్చింది.

మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగా, 1917లో, యుద్ధబాధిత బాలల కోసం వైట్ క్రాస్ అనే సేవాసంస్థ కావాలని ఆమె ప్రతిపాదించారు. అలాంటి పిల్లలను చూసుకునే టీచర్లకు ప్రత్యేక శిక్షణ ఉండాలన్నది ఆమె అభిప్రాయం. అది కార్యరూపం దాల్చలేదు.

1939లో మద్రాసు అడయారుకు వచ్చారు. మరుసటి ఏడాది ఇటలీ యుద్ధంలో దిగడంతో కొడుకు మారియోను బ్రిటిష్ ప్రభుత్వం నిర్బంధించింది. ఆమె 70వ పుట్టినరోజున విడుదల చేసింది. తర్వాత కొంతకాలం కొడైకెనాల్‌లో పిల్లలతో గడిపారు. 1952 మే 6న నెదర్లాండ్స్‌లో కన్నుమూశారు.

తండ్రిని పోగొట్టుకున్న బిడ్డ, వరదలో ఇల్లు పోయిన బిడ్డ మన తరగతిలోనూ ఉండొచ్చు. మర్చిపొమ్మని చెప్పి మనం పాఠంలోకి వెళ్లిపోతాం. బదులుగా మొక్కలకు నీళ్లు పోయడం, చాపలు పరవడం, మధ్యాహ్నం పళ్లేలు అందివ్వడం వంటి చిన్న పని, రోజూ అదే వేళకు అప్పగించి చూద్దాం. వారాలు గడిచినా బిడ్డకు నిద్ర పట్టకపోతే, తిండి తినకపోతే, తల్లిదండ్రులతో మాట్లాడి డాక్టరు దగ్గరికి పంపుదాం. మాంటిస్సోరి కూడా ముందు డాక్టరే, తర్వాతే టీచరు.