నవాబు జఫర్ జంగ్ బహద్దూరు

సంపన్నులు ధనమును వెచ్చించు మార్గములు పెక్కు గలవు. మేడలు, ఉద్యానములు, అశ్వశాలలు నిర్మించిన ప్రభువులు మన హైదరాబాదు చరిత్రయందు ఎందరో కనుపింతురు. నక్షత్రములను చూచుటకై ధనము వెచ్చించి, ఆ సాధనమును సైతము తన పిమ్మట లోకోపయోగము గావించినవారు అరుదు. అట్టి పుణ్యపురుషులలో ఒకరు నవాబు జఫర్ జంగ్ బహద్దూరు గారు.

వీరు హైదరాబాదు సంస్థానమందలి పాయిగా వంశీయులు. ఇంగ్లండున విద్య నభ్యసించిరి. నిజాము ప్రభుత్వమున సైనిక శాఖామాత్యులుగా పనిచేసిరి. రాచకార్యములలో మునిగియుండియు ఖగోళశాస్త్రముపై మక్కువను విడువలేదు. 1901వ సంవత్సరమున 15 అంగుళముల కటకము గల గ్రబ్ దూరదర్శినిని కొని, ఫిసల్‌బండలోని తమ ఎస్టేటునందు వేధశాలను నెలకొల్పిరి. మన కంటిపాప కారుచీకటిలో సుమారు పావు అంగుళము విప్పారును. ఆ కటకము దానికంటె మూడువేల రెట్లకు పైగా కాంతిని గ్రహింపగలదు. ఒక వ్యక్తి స్వంత ధనముతో అట్టి సాధనమును తెప్పించుట ఆనాడు సామాన్య విషయము కాదు.

వేధశాలకు వారు తమ పేరు పెట్టుకొనలేదు. నిజాము ప్రభువుల అనుమతి వేడి నిజామియా వేధశాల యని నామకరణము గావించిరి. తమ అనంతరము ప్రభుత్వమే దానిని స్వీకరింపవలెనని కోరిరి. 1907లో వారు దివంగతులైరి. మరుసటి ఏడు ప్రభుత్వము వేధశాలను తన అధీనమునకు తీసికొనెను. పిదప అది బేగంపేటకు తరలెను.

నవాబు గారు కన్నుమూసిన తరువాతనే వేధశాల అసలు చరిత్ర ఆరంభమయ్యెను. సమస్తాకాశమును ఛాయాచిత్రములందు బంధించి తారల స్థానములను నిర్ణయించుటకు 1887లో పారిస్ నగరమున పండితులు సంకల్పించిరి. ఆకాశమును పట్టీలుగా విభజించి పలు దేశముల వేధశాలలకు పంచిరి. ఖగోళ మధ్యరేఖకు దక్షిణమున 17 మొదలు 23 అంశల వరకు గల పట్టీ హైదరాబాదు వంతు వచ్చెను. 8 అంగుళముల ఛాయాగ్రాహక దూరదర్శినితో గాజు పలకలపై చిత్రములు తీసి, ఒక్కొక్క చుక్కను కొలిచి, లక్షలాది నక్షత్రముల స్థానములను లెక్కించిరి. 1918 నుండి 1944 వరకు సంచాలకులుగా నుండిన టి. పి. భాస్కరన్ గారి కాలమున ఈ మహాకార్యము సాగెను. నవాబు గారు కొన్న పెద్ద దూరదర్శిని 1922లో పరిశోధనకు వినియోగమయ్యెను. కొన్నవారు గతించి అప్పటికి పదునైదేండ్లు.

ఆ శ్రమ వృథా కాలేదు. ఐరోపావారి హిప్పార్కస్ ఉపగ్రహము గుర్తించిన స్థానములను ఆ పాత కొలతలతో పోల్చి, 2000వ సంవత్సరమున శాస్త్రజ్ఞులు ఇరువదియైదు లక్షల తారల చలనములను వెల్లడించిరి. భారత ఖగోళశాస్త్రమునకు వన్నెతెచ్చిన వేణు బప్పు గారి తండ్రి ఈ వేధశాలయందే ఉద్యోగి. ఆ బాలుడు పెరిగినది దాని నీడలోనే.

1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందెను. నగర దీపకాంతి పెరిగి చుక్కల చూపునకు అడ్డు కాగా, చీకటి గల తావు వెదకుచు శాస్త్రజ్ఞులు మన ప్రాంతమునకే వచ్చిరి. ఇబ్రహీంపట్నమునకు చేరువనున్న జాపాల్-రంగాపూర్ వద్ద 1968లో 48 అంగుళముల దర్పణము గల దూరదర్శిని వెలసెను. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణమును అచ్చట పరిశీలించిరి. ఫిసల్‌బండలో నాటిన విత్తు మన పొలిమేరలలో కొమ్మలు వేసినది.

గ్రంథాలయమునకు ఒక పుస్తకమిచ్చినవారు దానిని చదువబోవువారిని ఎరుగరు. అది అలమారలో ఏండ్ల తరబడి వేచియుండవచ్చును. నవాబు గారి దూరదర్శినియు అట్లే వేచియుండెను. ఇచ్చినవారి పని ఇచ్చుటతో ముగియదని, అందుకొనువారు వచ్చువరకు దానిని కాపాడువారు కావలెనని వారి జీవితము మనకు బోధించుచున్నది.