ఫకీరు సింగ్ అను బూత్-టక్కరుగారు

బాపట్లనుండి చీరాలకు పోవు రైలుమార్గములో స్టూవర్టుపురమను చిన్న స్టేషను కలదు. తిరువూరు ప్రాంతపు మన సంఘస్థులలో అనేకులు ఆ పేరును దొంగల కథలలోనే వినియుందురు. ఆ ఊరు ఏర్పడుటకు కారకులలో ముఖ్యుడైన ఫ్రెడరిక్ బూత్-టక్కరుగారి చరిత్రను ఈ నెల మన చదువరుల ముందుంచుచున్నాము.

ఆయన 1853లో గంగానది ఒడ్డునగల ముంగేరు పట్టణమందు జన్మించెను. ఇంగ్లండులో చదివి, సివిల్ సర్వీసులో చేరి, పంజాబులో అసిస్టెంటు కమీషనరు ఆయెను. పెద్ద జీతము, బంగళా, నేరస్థులను విచారించి శిక్ష వేయు అధికారము, అన్నియు ఉండెను. 1881లో వాటిని విడిచి లండను వెళ్లి జనరల్ విలియం బూత్‌గారి రక్షణ సైన్యములో చేరెను. మరుసటి సంవత్సరము సెప్టెంబరులో కొద్దిమందితో బొంబాయిలో దిగెను. వీధులలో ఊరేగింపు చేసినందుకు పోలీసులు ఆయనను పట్టుకొనిరి. జైలులో కూడ ఉంచిరి. శిక్షలు వేసిన చేతులకే శిక్ష తగిలెను! ఆ తలుపు లోపలివైపు ఎట్లుండునో తెలిసిన అధికారులు ఎందరుందురు? ఆయన కాషాయవస్త్రములు ధరించి, చెప్పులు లేక నడచి, ఫకీరు సింగ్ అను పేరు పెట్టుకొనెను.

మొదటి భార్య 1887లో మరణించెను. తరువాత బూత్‌గారి కుమార్తె ఎమ్మాను వివాహమాడి ఆ యింటిపేరు తన పేరున చేర్చుకొనెను. ఆమెయు 1903లో అమెరికాలో రైలు ప్రమాదమున చనిపోయెను. ఆ దుఃఖముతోనే 1907లో ఆయన మరల ఇండియాకు వచ్చెను.

ఇక ఎరుకలవారి సంగతి చెప్పవలెను. వారు పూర్వము గాడిదలమీద ఉప్పు, ధాన్యము ఊరూర అమ్ముచు, బుట్టలల్లుచు, సోదె చెప్పుచు బ్రతికిరి. రైళ్లు వచ్చెను, ఉప్పుపై పన్ను వచ్చెను, వర్తకము పోయెను. పొట్టకొరకు కొందరు దొంగిలించిరి. పేరు మాత్రము అందరికి వచ్చెను. 1911 నాటి నేరజాతుల చట్టము మద్రాసు రాజధానికిని వర్తించెను. విచారణ లేకయే కులమంతయు నేరస్థులని వ్రాయబడవచ్చును.

1908లో గోరఖ్‌పూరులో డోములమధ్య ఆరంభించిన పనిని టక్కరుగారు మన సీమకు తెచ్చిరి. 1913–14 ప్రాంతమున, మద్రాసు ప్రభుత్వపు సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్టుగారి పేరిట ఈ పల్లె వెలసెను. జైలుకు బదులు ఇల్లు, పొలము, మగ్గము, బడి ఇయ్యవలెనని టక్కరుగారి తలంపు. అయితే హాజరు పలుకవలెను. పొరుగూరు పోవుటకు చీటి పుచ్చుకొనవలెను. పొలము అందరికి చాలలేదు. అనేకులు చీరాల పొగాకు కంపెనీలో కూలికి పోయిరి. పిల్లలను తల్లిదండ్రులనుండి వేరుచేయు అధికారమును చట్టము ఇచ్చియుండెను.

ఇక్కడ మేము టక్కరుగారిని పూర్తిగా మెచ్చుకొనలేము. పౌలు ఒనేసిము కొరకు ఫిలేమోనుకు వ్రాయునప్పుడు ఒక మనుష్యుని యెరిగి, అతని అప్పుకు తానే పూచీపడెను. ఒనేసిము కులమంతటిని లెక్కలోనికి తీయలేదు. 1958లో వచ్చిన ప్రొబేషను చట్టము కొంతవరకు ఈ త్రోవనే పోవుచున్నది. నేరము రుజువైన మనుష్యుని, అతని ఇంటి పరిస్థితులను ప్రొబేషను అధికారి విచారించి కోర్టుకు తెలుపును. మంచి నడవడికి పూచీ తీసికొని కోర్టు అతనిని విడిచిపెట్టవచ్చును. గడువు ఉండును, అది తీరినప్పుడు కావలియు తీరును. స్టూవర్టుపురములో పుట్టిన బిడ్డకు గడువేది? అయినను, ఇతరులు లాఠీతో పలుకరించినవారిని టక్కరుగారు ఇంటి పేరడిగి పలుకరింపజూచిరని మరువరాదు. రెండును నిజమే.

ఆయన 1929లో లండనులో మరణించెను. ఆ తరువాత పదునెనిమిది సంవత్సరములు చీటి పద్ధతి నిలిచియుండెను. 1947లో మద్రాసు ప్రభుత్వము ఆ చట్టమును తీసివేసెను. 1952లో దేశమంతట అది రద్దాయెను. అంతట స్టూవర్టుపురపువారు ఎవరిని అడుగకయే చీరాల బజారుకు పోయి రాగలిగిరి.