బ్రహ్మర్షి రఘుపతి వేంకటరత్నం నాయుడు గారు – మంచితనానికి నిర్వచనం

మన పాఠశాలలో పిల్లలను చేర్పించడానికి వచ్చే తల్లిదండ్రులు సాధారణంగా రెండు కోరికలు కోరుతుంటారు. పిల్లవాడు బాగా చదువుకోవాలి, మంచివాడు కావాలి అని. మొదటి దానిని కొలవడానికి మా వద్ద పరీక్షలున్నాయి, మార్కుల పట్టికలున్నాయి. రెండవ దానికి కొలబద్ద ఏది? ఎవరి జోలికీ పోనివాడు మంచివాడా? పెద్దల మాటకు ఎదురు చెప్పనివాడు మంచివాడా? ఈ ప్రశ్నకు సమాధానం పుస్తకాలలోని నిర్వచనాలకంటె ఒక మనిషి జీవితంలో వెదకడం మేలని నాకు తోస్తుంది. అందుకే ఈ ప్లాటినం జూబిలీ సంచికలో, ఈ మద్రాసు నగరంలోనే విద్యనభ్యసించి, ఇక్కడి విశ్వవిద్యాలయానికే వైస్ ఛాన్సలరుగా పనిచేసిన తెలుగు ఉపాధ్యాయుడు ఒకరిని స్మరించుకోదలచాను. ఆయనే బ్రహ్మర్షి రఘుపతి వేంకటరత్నం నాయుడు గారు.

నాయుడు గారు 1862 వ సంవత్సరం అక్టోబరు 1 వ తేదీన మచిలీపట్నంలో జన్మించారు. తండ్రి అప్పయ్య నాయుడు గారు సైన్యంలో సుబేదారు. తండ్రి ఉద్యోగం కారణంగా బాల్యంలో కొంత భాగం తెలుగునేలకు వెలుపలనే గడిచింది. హిందీ, ఉర్దూ, పారశీక భాషలు ఆ విధంగా అలవడ్డాయి. పరాయి ప్రాంతంలో పెరిగినా మాతృభాషను విడువని బాలుని కథ మన పిల్లలకు కొత్తది కాదు. హైదరాబాదులో పాఠశాల చదువు సాగిన తరువాత ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు. అక్కడ ప్రిన్సిపాలుగా ఉన్న విలియం మిల్లరు దొరగారి బోధన, నడవడి ఆయన మనస్సులో గాఢముద్ర వేశాయి. ఆ కాలంలోనే బ్రహ్మసమాజ సిద్ధాంతాల వైపు ఆకర్షితులయ్యారు. దేవుడొక్కడేననీ, ఆయన సంతానమైన మానవులలో హెచ్చుతగ్గులు లేవనీ నమ్మారు. నమ్మకం చాలామందికి ఉంటుంది. ఆ నమ్మకం ప్రకారం తమ ఇంటి తలుపులు తెరిచేవారు అరుదు. నాయుడు గారు ఆ అరుదైనవారిలో ఒకరు.

1889 లో ఆయనకు భార్యావియోగం కలిగింది. అప్పటికి ఆయనకు ఇరువది ఏడేండ్లైనా నిండలేదు. ఆనాటి లోకరీతిని ఆ వయస్సులో పురుషుడు మరల వివాహం చేసుకోవడం వింత కాదు, చేసుకోకపోవడమే వింత. అదే ఈడులో భర్తను పోగొట్టుకొన్న స్త్రీకి మాత్రం జీవితమంతా వైధవ్యమే. నాయుడు గారు పునర్వివాహం చేసుకోలేదు. తెల్లని వస్త్రాలు ధరించి శేషజీవితమంతా ఒంటరిగా గడిపారు. సంఘం స్త్రీకి విధించిన నియమాన్ని ఒక పురుషుడు ఎవరూ అడుగకుండానే తనకు తాను విధించుకొన్నట్లు ఆయన జీవితం నాకు కనిపిస్తుంది. ఇతరుల నుండి కోరే శీలాన్ని ముందు తనలో చూపడం ఆయన పద్ధతి. విధవలైన బాలికలకు మాత్రం ఆయన ఆ కఠిననియమం కోరలేదు. వారి పునర్వివాహాలను ప్రోత్సహించారు.

ఆయన వృత్తి అధ్యాపనం. మద్రాసులో పచ్చయప్ప కళాశాలలోను, తరువాత మచిలీపట్నం నోబుల్ కళాశాలలోను బోధించారు. సికింద్రాబాదు మహబూబ్ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేశారు. మచిలీపట్నంలో ఆయన వద్ద చదువుకొన్నవారిలో కృష్ణా పత్రిక సంపాదకులైన ముట్నూరి కృష్ణారావు గారు, 1948 లో కాంగ్రెసు అధ్యక్షులైన భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు ఉన్నారు. గురువు గారు ఆంగ్ల ప్రభుత్వం ఇచ్చిన బిరుదులను స్వీకరించినవారు. 1924 లో సర్ బిరుదాన్నీ పొందారు. ఈ శిష్యులు ఆ ప్రభుత్వాన్నే ఎదిరించిన ఉద్యమంలో నిలిచారు. తోవలు వేరైనా గురువు పట్ల వారి గౌరవం తగ్గలేదు. తనవలె ఆలోచించేవారిని తయారుచేయడంకంటె, సత్యమని తోచినదాని కోసం నిలబడగలవారిని తయారుచేయడమే ఉపాధ్యాయుని పని అని ఈ శిష్యులను చూస్తే అర్థమవుతుంది.

నాయుడు గారి జీవితంలో ప్రధాన ఘట్టం కాకినాడలో గడిచింది. పిఠాపురం రాజా వారి కళాశాలకు ఆయన 1919 వరకు ప్రిన్సిపాలుగా ఉన్నారు. ఆడపిల్లలకు ఉన్నతవిద్య ఎందుకని పెద్దలే ప్రశ్నించే ఆ రోజులలో తమ కళాశాలలో బాలికలకు బాలురతో పాటు ప్రవేశం కల్పించారు. అంటరానివారని సంఘం వెలివేసిన కులాల పిల్లలను చేరదీసి చదివించారు. పిఠాపురం మహారాజా సూర్యారావు బహద్దరు గారు ఆయనను గురువుగా భావించారు. కాకినాడలో అనాథశరణాలయానికి, బ్రహ్మసమాజ మందిరానికి రాజావారి ద్రవ్యం, నాయుడు గారి హృదయం రెండూ ఆధారమైనాయి. అంతటితో ఆగక నాయుడు గారు అనాథబాలబాలికలను స్వగృహంలోనే పెట్టుకొని పెంచారు. వారి కులమేదని విచారించలేదు. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు ఆ కళాశాల విద్యార్థియే. ఆ కవి తొలినాటి భావాలపై బ్రహ్మసమాజపు ప్రభావం ఉండడం యాదృచ్ఛికం కాదు.

ఇచ్చట ఒక విషయం దాచకుండా చెప్పడం న్యాయం. వీరేశలింగం పంతులు గారివలెనే నాయుడు గారు కూడ వేశ్యల నాట్యమేళాలకు వ్యతిరేకంగా గట్టి ఉద్యమం నడిపారు. పెండ్లిండ్లలో, విందులలో అటువంటి మేళాలు పెట్టరాదని ప్రచారం చేశారు. స్త్రీని విలాసవస్తువుగా చూడరాదన్నది ఆయన ఆవేదన. ఆ ఆవేదనలో సత్యమున్నది. కాని ఆ మేళాలతో పాటు తరతరాలుగా సంగీతనాట్యాలను కాపాడిన స్త్రీల జీవనాధారమూ, గౌరవమూ దెబ్బతిన్నాయి. మేళానికి పిలిచిన ధనికుడు సులభంగా పెద్దమనిషిగా మారిపోయాడు. నింద మాత్రం ఆ స్త్రీలపై మిగిలింది. వారి పక్షం వినాలన్న తలంపు ఆనాటి సంస్కర్తలలో చాలామందికి కలుగలేదు. నేడు వెనుదిరిగి చూచినప్పుడు ఆ లోటు మనకు స్పష్టంగా కనబడుతుంది. దీనిని చెప్పడం మహనీయుని తగ్గించడానికి కాదు. మంచివాడు కావడమంటే పొరపాటు లేనివాడు కావడం కాదని మన పిల్లలు గ్రహించాలి. ఎంత స్వచ్ఛమైన సంకల్పం ఉన్నా, ఎవరి మేలు కోరుతున్నామో వారి మాట కూడ వినాలని తెలుసుకోవాలి.

1925 లో నాయుడు గారు మద్రాసు విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలరు పదవిని స్వీకరించి 1928 వరకు నిర్వహించారు. నలుబది సంవత్సరాల క్రితం విద్యార్థిగా తిరిగిన నగరానికి విశ్వవిద్యాలయ సారథిగా రావడం సామాన్యవిషయం కాదు. అయినప్పటికీ ఆయనను లోకం ఆ పదవితో గుర్తుపెట్టుకోలేదు. సర్ అనే బిరుదు కన్న బ్రహ్మర్షి అన్న పిలుపే ఆయన పేరుతో నిలిచిపోయింది. 1939 మే 26 వ తేదీన ఆయన దివంగతులైనారు.

ఇప్పుడు మొదట వేసిన ప్రశ్నకు వద్దాము. నాయుడు గారు ఎవరి జోలికీ పోకుండా ఉండి ఉంటే లోకం ఆయనను మంచి ప్రొఫెసరు అనే అనుకొని ఉండేది. ఎవరికీ కోపం వచ్చేది కాదు. ఏ ఆడపిల్లా ఆ కళాశాల మెట్లు ఎక్కేది కాదు. కీడు చేయకపోవడం మంచితనానికి మొదటి మెట్టు మాత్రమే. తరువాతి మెట్టు ఎక్కడానికి మనది ఏదో ఒకటి వదులుకోవాలి. అది సుఖం కావచ్చు, ధనం కావచ్చు, నలుగురి మెప్పు కావచ్చు.

మా తరగతి గదులలోనూ ఈ మెట్టు దగ్గరే పిల్లలు తడబడతారు. తోటి విద్యార్థిని పదిమంది ఎగతాళి చేస్తున్నప్పుడు వారితో కలిసి నవ్వని పిల్లలు కొందరుంటారు. వారు నవ్వకపోవడం మాకు సంతోషమే. కాని వెళ్లి ఆ ఒంటరివాని ప్రక్కన కూర్చొనే పిల్లవాడు ఎప్పుడో గాని కనబడడు. అలా కూర్చొన్నందుకు తనను కూడ ఎగతాళి చేస్తారని వానికి తెలుసు. తెలిసీ కూర్చొంటాడు. అటువంటివానికి ఇవ్వడానికి మా బహుమతుల జాబితాలో ఏ కప్పూ లేదు. సాయంకాలం ఇంటికి వచ్చినప్పుడు ఎన్ని మార్కులు వచ్చాయని అడిగిన తరువాత, ఈ రోజు ఎవరి ప్రక్కన కూర్చున్నావని కూడ అడగవలసిందిగా తల్లిదండ్రులను ప్రార్థిస్తున్నాను.

డెబ్బది ఐదేండ్లుగా ఈ బడి గడప దాటి వెళ్లిన పూర్వవిద్యార్థులలో ఉన్నతపదవులు పొందినవారు ఎందరో ఉన్నారు. వారిని చూచి గర్విస్తున్నాము. పేరు ప్రకటింపబడకుండా, ఇంట ఒక అనాథకు అన్నం పెట్టి చదివిస్తున్నవారు కూడ ఉంటారని నా విశ్వాసం. ఈ వ్యాసం వారికి నా నమస్కారం.