టీ కూజాలో పుట్టిన ఏల్: శామ్యూల్ ఆల్సాప్ జీవనయానం

ఇంగ్లండ్ మధ్యభాగంలో ట్రెంట్ నది ఒడ్డున బర్టన్ అనే పట్టణం ఉంది. బీరు తయారీకి పేరుపొందిన ఈ ఊరి భవిష్యత్తును రెండు శతాబ్దాల క్రితం ఒకే ఒక్క సీసా మలుపు తిప్పింది. ఆ సీసాలో ఉన్నది బర్టన్ సరుకు కాదు, లండన్‌లో తయారైన ఏల్. అచ్చం అలాంటి ఏల్‌ను తన ఊరిలో తయారు చేయించేందుకు సాహసించిన వ్యాపారి శామ్యూల్ ఆల్సాప్.

1780లో జన్మించిన ఆల్సాప్, 1807లో తన బంధువు బెంజమిన్ విల్సన్‌కు చెందిన బ్రూవరీని కొనుగోలు చేశారు. ఆనాటి బర్టన్ ఏల్ ముదురు రంగులో, చిక్కగా, తియ్యగా ఉండేది. దాని పీపాలు నదీమార్గాన హల్ రేవుకు, అక్కడి నుంచి బాల్టిక్ సముద్రం మీదుగా రష్యాకు చేరేవి. అయితే ఆయన వ్యాపార పగ్గాలు చేపట్టేనాటికే నెపోలియన్ విధించిన వాణిజ్య దిగ్బంధం ఆ మార్గానికి అడ్డుపడింది. యుద్ధాలు ముగిశాక పరిస్థితి కుదుటపడుతుందన్న ఆశా నిలవలేదు. 1822లో రష్యా ఇంగ్లిష్ ఏల్‌పై భారీ సుంకం మోపింది. తరాలుగా నమ్ముకున్న విపణి చేజారడంతో బర్టన్ బ్రూవరీల మనుగడే ప్రశ్నార్థకమైంది.

ఇదే కాలంలో కలకత్తాలోని ఆంగ్లేయుల బల్లలపై మరో రకం ఏల్ రాజ్యమేలుతోంది. లండన్ తూర్పు ప్రాంతమైన బో లో హాడ్జ్‌సన్ కుటుంబం తయారు చేసిన ఆ ఏల్ లేత రంగులో, గట్టి చేదుతో ఉండేది. ఈస్టిండియా కంపెనీ ఓడల రేవుకు బ్రూవరీ చేరువలో ఉండటం, ఓడల కెప్టెన్లకు దీర్ఘకాలం అప్పు ఇవ్వడం ఆ కుటుంబానికి కలిసొచ్చాయి. 1820ల నాటికి హాడ్జ్‌సన్ వారసులు అప్పులు నిలిపివేసి, ధరలు పెంచి, స్వయంగా ఎగుమతులకు దిగారు. ఈ గుత్తాధిపత్యం కంపెనీ పెద్దలకు కంటగింపైంది.

కంపెనీ డైరెక్టర్లలో ఒకరైన క్యాంప్‌బెల్ మార్చ్‌బ్యాంక్స్ ఒక విందులో ఆల్సాప్‌ను కలుసుకుని, రష్యాను మరచి భారతదేశం వైపు దృష్టి సారించమని సూచించారు. నమూనాగా హాడ్జ్‌సన్ ఏల్‌ను ఆయనకు అందజేశారు. ఆల్సాప్ దానిని తన బ్రూవరీలో మాల్టు తయారీలో ఆరితేరిన జాబ్ గుడ్‌హెడ్ ముందుంచారు. తియ్యని ఏల్‌కు అలవాటుపడిన గుడ్‌హెడ్‌కు ఆ చేదు మింగుడుపడలేదు. అయినా తయారు చేయగలనని ఆయన మాట ఇచ్చారు. పెద్ద తొట్టెల్లో సరుకు వృథా చేయకుండా, టీ పోసుకునే కూజాలో కొద్దిపాటి ఏల్ కాచి రుచిని సరిచూశారు. బార్లీ మాల్టును రంగు ముదరకుండా సన్నని వేడిపై ఆరబెట్టడం, చేదునిచ్చే హాప్స్ పూలను దండిగా వాడటం, తీపి మిగలనంతగా పులియనివ్వడం ఈ కొత్త ఏల్‌కు కీలకం. ఆల్సాప్ మరణానంతరం 1853లో వెలువడిన బర్టన్ బీరు చరిత్ర ఈ ఘట్టాన్ని నమోదు చేసింది.

1823లో బర్టన్ పీపాలు ఆఫ్రికా దక్షిణ కొసను చుట్టి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటే నెలల తరబడి ప్రయాణానికి బయలుదేరాయి. తొలుత కలకత్తాలో వాటికి హాడ్జ్‌సన్ సరుకు కన్నా తక్కువ ధరే పలికింది. క్రమంగా ప్రశంసల లేఖలు రాసాగాయి. నకలు అసలును మించిపోయింది.

ఆ విజయ రహస్యం బర్టన్ భూగర్భంలో ఉంది. అక్కడి బావి నీరు జిప్సం పొరల గుండా ఊరి వస్తుంది. ఆ నీటిలోని సల్ఫేట్లు హాప్స్ చేదుకు పదును తెస్తాయి, కాల్షియం ఏల్ తేటపడటానికి తోడ్పడుతుంది. లండన్ బావి నీరు నల్లని పోర్టర్ బీరుకు అనుకూలమే గాని లేత ఏల్‌కు అంతగా కాదు. ఈ రసాయన వివరణ గుడ్‌హెడ్ కాలానికి అందుబాటులో లేదు. ఆయన నమ్ముకున్నది తన నాలుకను, చేతి అనుభవాన్ని మాత్రమే.

అయితే నకలుతో గెలిచిన ఆల్సాప్‌కు నకలు బెడద తప్పలేదు. అదే ఊరిలోని బాస్ సంస్థ ఆయన బాటనే అనుసరించి, 1830లలో భారత ఎగుమతుల్లో ఆయననూ, హాడ్జ్‌సన్‌నూ దాటిపోయింది. ఆల్సాప్ 1838లో కన్నుమూశారు. మరుసటి ఏడాదే బర్టన్‌కు రైలు వచ్చింది. ఆ రైలుమార్గాలతో లేత ఏల్ ఇంగ్లండ్ అంతటా వ్యాపించింది. ఆయన కుమారుడు హెన్రీ 1886లో హిండ్లిప్ ప్రభువు బిరుదు పొందారు. కూజాలో తొలి నమూనా కాచిన గుడ్‌హెడ్ పేరు మాత్రం చరిత్ర పుటల్లో ఒక మూలనే మిగిలింది.

1876లో బ్రిటన్ ట్రేడ్‌మార్కుల రిజిస్టరు తెరిచినప్పుడు మొదటి సంఖ్య పొందిన గుర్తు బాస్ వారి ఎర్ర త్రిభుజమే. అనుకరణతో నిలదొక్కుకున్న ఊరే అనుకరణకు అడ్డుకట్ట వేసే చట్టాన్ని ముందుగా ఆశ్రయించింది. గుర్తును కాపాడిన చట్టం రుచిని కాపాడలేకపోయింది. 1878లో చార్లెస్ విన్సెంట్ అనే రసాయన శాస్త్రవేత్త నీటికి జిప్సం కలిపి బర్టన్ నీటి గుణాన్ని రప్పించే పద్ధతిని వివరించారు. 1963లో బ్రిటన్ ఇళ్లలో బీరు కాచుకోవడానికి లైసెన్సు నిబంధనను తొలగించింది. నేడు మెచ్చిన ఇంగ్లిష్ ఏల్‌ను ఇంట్లో పునఃసృష్టించదలచినవారు నీటిలో చెంచాడు జిప్సం కలిపి, కొద్దిగా కాచి, అసలుతో పోల్చి, తేడాను సవరించుకుంటారు. ఆల్సాప్ బ్రూవరీలో టీ కూజా ముందు నిలిచి గుడ్‌హెడ్ చేసిన పని కూడా దాదాపు అదే.