అసమర్థుని అంతరంగాన్ని చూపిన గోపీచంద్

అంగలకుదురుకు పొరుగునే ఉన్న తెనాలిలో త్రిపురనేని రామస్వామి చౌదరిగారి సూతాశ్రమం వెలసినది. రామాయణ గాథను శంబూకుని పక్షాన నిలిచి నాటకంగా వ్రాసిన హేతువాది ఆయన. కథ ఎవరి వైపు నుండి చెప్పబడుతున్నదో గమనించమని తెలుగు పాఠకులను హెచ్చరించిన ఆ మహనీయుని కుమారుడే గోపీచంద్.

1910 సెప్టెంబరు 8న కృష్ణా జిల్లాలో జన్మించిన గోపీచంద్ న్యాయశాస్త్రం చదివి, కొంతకాలం న్యాయవాదిగా ఉండి, ఆ వృత్తిలో మనసు నిలువక సాహిత్యం వైపు మరలినారు. ఎం.ఎన్. రాయ్ భావాలకు ఆకర్షితులై రాజకీయాలలో పనిచేశారు. 'లక్ష్మమ్మ' (1950) వంటి చిత్రాలకు దర్శకత్వం వహించారు. ఆకాశవాణిలోనూ పనిచేశారు. హేతువాదంతో మొదలైన వారి ఆలోచన చివరిదశలో అరవిందుని తత్త్వాన్ని సమీపించినది.

ఇన్ని రంగాలలో మెలగినా వారి కీర్తికి ప్రధాన కారణం 'అసమర్థుని జీవయాత్ర'. ప్రశ్నించుట నేర్పిన తండ్రికే ఆ నవలను అంకితమిచ్చారు. వంశప్రతిష్ఠ కొరకు ఆస్తిని పోగొట్టుకొని, భార్యాబిడ్డలను కష్టపెట్టి, తుదకు తన్ను తాను నాశనం చేసుకొన్న సీతారామారావు అందులో నాయకుడు. ఊరివారి కంటితో చూచినచో అతడు కేవలం పనికిమాలినవాడు. గోపీచంద్ మనలను అతని మనస్సులోనికి తీసుకొనిపోయారు. కథ నడచినది ప్రథమ పురుషలోనే. అయినను అతని అహంకారం, భయం, తన తప్పును తానే సమర్థించుకొను తీరు ఉత్తమ పురుషలో చెప్పినంత దగ్గరగా మనకు తెలియుచున్నవి. అతడే స్వయంగా కథ చెప్పియుంటే మనము అతని సాకులను నమ్మియుండేవారము. రచయిత దూరముగా నిలిచి చెప్పియుంటే అసహ్యించుకొని ఊరకుండేవారము. ఈ రెంటికీ నడుమ నిలిచి, అతనిపై జాలి కలిగించుచునే అతని ఆత్మవంచనను బయటపెట్టుట గోపీచంద్ సాధించిన శిల్పం. తెలుగులో మనోవైజ్ఞానిక నవలకు ఇది మార్గదర్శకమని విమర్శకులు భావించుటకు కారణమిదే.

1962 నవంబరు 2న గోపీచంద్ దివంగతులైనారు. మరుసటి ఏడు 'పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా' నవలకు కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి లభించినది.

విద్యార్థులారా! పరీక్షలో తప్పినవానిని, బ్రతుకులో ఓడినవానిని ఒక్క మాటతో తీసివేయుట మనకు సులభం. అతని లోపలి నుండి ఒకసారి చూచి, ఆ తరువాతనే తీర్పు చెప్పవలెనని ఈ నవల మనకు బోధించుచున్నది. అర్థం చేసికొనుట తప్పును ఒప్పుగా అంగీకరించుట కాదు. అర్థం చేసికొనకుండ చెప్పిన తీర్పు మాత్రం న్యాయం కానేరదు.